పన్నెండేళ్ల పిల్లకు డిస్నీ కోట ఇంకా కోటలాగే కనిపిస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో మీ పెద్దమ్మాయిని 5 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్లారు. ఆ తరువాత హైదరాబాద్ తిరిగి వచ్చేశారు. ఇప్పుడు ఆమెకు 12, తమ్ముడికి 6. వచ్చే వేసవిలో అమెరికాలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్తూ మళ్లీ అక్కడికి వెళ్దామంటే, చిన్నవాడు గంతులు వేస్తున్నాడు, పెద్దమ్మాయి మాత్రం "అది చిన్నపిల్లలది" అని ముఖం తిప్పుకుంటోంది. అంత డబ్బు పోసి వెళ్తే ఆ పిల్లకు పాత సంతోషంలో కొంతైనా దొరుకుతుందా అన్నది మీ సందేహం. అప్పట్లో అక్కడి రాకుమార్తె వేషధారుల దగ్గర సంతకాలు చేయించుకున్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లాలా వద్దా అని చివర్లో మరో చిన్న ప్రశ్న కూడా అడిగారు.

నేను పిల్లల మనస్తత్వం చదువుకున్నవాణ్ణి కాను. ఓర్లాండోకు గంటన్నర దూరంలో 20 ఏళ్లకు పైగా కాపురం ఉంటున్నవాణ్ణి. మా అమ్మాయికి ఇప్పుడు 21, అబ్బాయికి 16. వాళ్లిద్దరితో, వేసవిలో వచ్చే అక్కచెల్లెళ్ల పిల్లలతో, రెండుసార్లు మా అమ్మతో ఆ పార్కులకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. ఆ అనుభవంతో నా సమాధానం ముందే చెప్పేస్తాను. మాయ నిలుస్తుంది, కానీ 5 ఏళ్లప్పుడు ఉన్న రూపంలో నిలవదు. పిల్లల్లో అది పూర్తిగా ఇంకిపోవడం నేను చూసింది తక్కువ. తల్లిదండ్రులే దాన్ని పాత ఫొటోతో పోల్చి పోల్చి చిన్నబుచ్చడం నేను చూసింది ఎక్కువ, ఆ తప్పు నేను కూడా చేశాను.

మొదట ఆ పాత ఫొటో సంగతే చూద్దాం. సాధారణంగా 3, 4 ఏళ్లకు ముందు జరిగినవి పెద్దయ్యాక మనకు గుర్తుండవు, ఆ పైన ఒకటి రెండేళ్లలో జరిగినవి కూడా ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి. మా అమ్మాయిని 4 ఏళ్లప్పుడు మొదటిసారి తీసుకువెళ్లినప్పుడు, టీవీలో అరచేతంత కనిపించే ఎలుక తనకంటే రెట్టింపు ఎత్తున నడిచి వచ్చేసరికి పిల్ల కెవ్వుమని అరిచి వాళ్లమ్మ కుచ్చిళ్లలో తల దాచుకుంది. కోట ముందు నవ్వుతూ దిగిన ఫొటో మా హాల్లో ఇప్పటికీ ఉంది, కానీ ఆ నవ్వు వెనుక మేము పెట్టిన ఐస్‌క్రీమ్ లంచం ఉంది. ఆ ప్రయాణం గురించి ఇప్పుడు ఏమి గుర్తుందని అడిగితే, తెల్ల కొంగ లాంటి పక్షి ఒకటి తన చేతిలోని ఫ్రెంచ్ ఫ్రైస్ ఎత్తుకుపోవడం ఒక్కటే గుర్తుందంటుంది. కాబట్టి ఆ వయసు మాయ అని మనం దాచుకున్నదాంట్లో సగానికి పైగా మనదే. మీ అమ్మాయిని కూడా ఒకసారి అడిగి చూడండి, ఆమె చెప్పే జ్ఞాపకం మీ ఆల్బమ్‌లో ఉండకపోవచ్చు.

తరువాతి మలుపు 7 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. పిల్లల ఆలోచన ఆ వయసుకు కొంత తర్కబద్ధమవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే చెప్పిన మాట చాలామంది వినే ఉంటారు. నాకది మా అబ్బాయి నోట ఒక ప్రశ్నగా వినబడింది. డిస్నీ వరల్డ్‌లో కోట ఉన్న పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి తిరిగి వస్తూ కారు వెనుక సీట్లోంచి వాడు, "నాన్నా, మిక్కీ లోపల ఉన్నవాళ్లకు చెమట పట్టదా?" అని అడిగాడు. లోపల మనిషి ఉన్నాడా అని కాదు. ఉన్నాడన్నది వాడికి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియనే తెలియదు. నేను ఇన్నాళ్లూ ఆ క్షణం వస్తే ఏం చెప్పాలో, వాడు ఎంత బాధపడతాడో అని కంగారుపడుతుంటే, వాడు ఆ గట్టు ఎప్పుడో దాటేసి అవతలి ఒడ్డున నిలబడి ఆ మనిషి ఉక్కపోత గురించి ఆలోచిస్తున్నాడు. పట్టే ఉంటుంది, అందుకే వాళ్లు ఎక్కువసేపు బయట ఉండరు అన్నాను. ఆ తరువాత వెళ్లినప్పుడు మిక్కీని కౌగిలించుకుని, "ఎండగా ఉందా?" అని చెవిలో అడిగాడు. మిక్కీ ఏమీ మాట్లాడకుండా చేత్తో విసురుకున్నట్టు చూపించాడు. ఆ ఇద్దరి మధ్య ఒక గుట్టు కుదిరినందుకు వాడికి కలిగిన ఆనందం, అంతకుముందు నిజమైన మిక్కీ అని నమ్మినప్పటి ఆనందం కంటే నా కంటికి ఏమాత్రం తక్కువగా కనిపించలేదు.

అందుకే నమ్మకం పోతే మాయ పోతుందన్న లెక్కను నేను ఒప్పుకోను. తెలుగువాళ్లం అసలే ఒప్పుకోకూడదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం వారి ప్రదర్శన చూసినవారికి, గాలిలో తేలే పాత్రను మోస్తున్న తీగ ముందు వరుసల్లోంచి కనిపిస్తుందని తెలుసు. తీగ చూశామని ఎవరూ లేచి ఇంటికి పోరు, పైగా తీగ చూసినవాడు పక్కవాడికి చూపించి మరీ ఆనందిస్తాడు. డిస్నీ వారి దయ్యాల కొంప హాంటెడ్ మాన్షన్‌లో పారదర్శకంగా నాట్యం చేసే దయ్యాలు కూడా ఆ జాతి మాయే. మనకు కనిపించేవి అసలు బొమ్మలు కావు, పెద్ద గాజు పలక మీద పడిన వాటి ప్రతిబింబాలు. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలం మీద ప్రదర్శించి పేరు తెచ్చిన కిటుకు అది. మా అబ్బాయికి 9 ఏళ్లప్పుడు ఇది చెప్పాక, అంతవరకు కళ్లు మూసుకుని దాటే గదిలో వాడు మెడ అటూ ఇటూ తిప్పి గాజు అంచు ఎక్కడుందో వెతుకుతూ, అది దొరక్కపోవడంతో మళ్లీ ఎక్కుదామని పేచీ పెట్టాడు.

8 నుంచి 11 వరకు నడిచే ఈ దశ తల్లిదండ్రులకు అన్నిటికంటే సులువైనది, ఎందుకంటే పార్కంతా ఆ వయసు కోసమే కట్టారా అన్నట్టుంటుంది. సవారీల ప్రవేశద్వారాల దగ్గర ఎత్తు కొలిచే బద్దను ఒక్కొక్కటిగా దాటడమే ఒక పండుగ: రోలర్ కోస్టర్లలో స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు, ట్రాన్‌కు 48. గోడల్లో, నగిషీల్లో, ఇనుప కమ్మీల్లో దాచిన మూడు గుండ్రాల మిక్కీ ఆకారాలను వెతకడం రెండో పండుగ. (ఖర్చు కోణంలో ఒక పిడకల వేట: 3 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 10 నిండితే పెద్దల ధరే. లోకం దృష్టిలో పెద్దయినట్టు పిల్లలకంటే ముందు మన పర్సుకు తెలుస్తుంది.)

ఇక మీ అమ్మాయి ఉన్న వయసుకు వద్దాం. 12 నుంచి 14 వరకు నిజంగానే ఒక పల్లం ఉంటుంది, దాన్ని కాదనను. కానీ ఆ పల్లంలో కరువైనది మాయ కాదు, నలుగురి ముందు దాన్ని ఒప్పుకునే ధైర్యం.

మా అమ్మాయికి 12 దాటిన ఏడాది, పిల్లల చిన్నతనం మళ్లీ దొరకదన్న దిగులుతో నేను ఇంటిల్లిపాదికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద ఇంటిపేరుతో సహా, అచ్చు వేయించాను. పిల్ల ఏమీ అనలేదు. ఫ్లోరిడా జూన్ ఎండలో, గాలి కూడా వేడినీళ్లలా తగిలే రోజున, ఆ చొక్కా మీద హుడీ తొడుక్కుని, జిప్పు మెడదాకా లాక్కుని, రోజంతా మాకు పది అడుగుల వెనకే నడిచింది. రాకుమార్తెతో ఫొటో దిగమంటే దిగలేదు, పెరేడ్ వస్తుంటే ఫోను చూసుకుంది. నాకు ఒళ్లు మండింది. ఇంత ఖర్చు చేసి తెస్తే ఇదా అన్నట్టు ఒక మాట అనేశాను కూడా. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ఆ మర్నాడు డిస్నీ వరల్డ్‌లోని మరో పార్కు ఎప్కాట్‌లో ఉండగా, అక్కడి వేసవిలో దాదాపు రోజూ మధ్యాహ్నం దాటాక పట్టే ఉరుముల వాన పట్టింది. అందరం 1982 నుంచి ఆ పార్కు గుర్తుగా నిలిచిన పెద్ద తెల్లని గోళం కిందికి పరుగెత్తాం. కాసేపటికి పిల్ల తల పైకెత్తి, "ఇంత వాన పడుతుంటే ఈ బంతి మీద నుంచి నీళ్లు మన నెత్తిన ఎందుకు కారడం లేదు?" అంది. నిజమే, నేను పదేళ్లకు పైగా దాని కింద నడిచి ఒక్కసారీ అడగని ప్రశ్న అది. గోళం పైపొర పలకల మధ్య సందుల్లోంచి నీరు లోపలికి దిగి, కాలువల గుండా పార్కు మధ్యలో ఉన్న సరస్సుకు పోతుందని తరువాత చదివి తెలుసుకున్నాం. ఆ వాన వెలిసేదాకా ఆమె పలకలను లెక్కపెడుతూ, చుట్టూ తిరుగుతూ, ఎక్కడో ఒకచోట చుక్క పడకపోతుందా అని వెతుకుతూ గడిపింది, ఉక్కకు హుడీ విప్పేసిన సంగతి కూడా గమనించుకోలేదు. 5 ఏళ్ల పిల్ల రాకుమార్తెను చూసిన చూపు అదే. ఆ చూపు పడే చోటు మారిందంతే, నేను కెమెరా పట్టుకుని పాత చోట కాపలా కాస్తున్నాను. (ఇలాంటి కథ చివర పిల్ల ఇంజినీరయిందని చెప్పడం ఆనవాయితీ. మా అమ్మాయి కామర్స్ చదువుతోంది.)

మీరు రాసినదాంట్లో ఇంకో మాట నాకు ముఖ్యంగా కనిపించింది. మీ అమ్మాయి స్నేహితులతో వండర్‌లాకు వెళ్లి రోలర్ కోస్టర్లు ఎక్కి వచ్చి, డిస్నీ కంటే అదే నయమని వాదిస్తోందన్నారు. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన ఆ పార్కు నేనూ చూశాను, బాగుంటుంది, కానీ ఆ కొలబద్దతో కొలిస్తే డిస్నీ ఓడిపోక తప్పదు. స్పేస్ మౌంటెన్ గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లే. చీకట్లో ముందున్న మలుపు కనిపించకపోవడం వల్ల అది రెట్టింపు వేగంగా అనిపిస్తుంది. 2023లో తెరిచిన ట్రాన్ గంటకు 95 కిలోమీటర్ల దాకా పోతుంది కనుక వేగం కావాలంటే అదొకటి ఉంది. అయితే మిగతా చోట్ల వాళ్లు అమ్మేది వేగాన్ని కాదు, కట్టుకథను కళ్లెదుట నిలబెట్టే పనితనాన్ని. 12 ఏళ్ల పిల్లకు "నీకు అక్కడ భలే సరదాగా ఉంటుంది" అని నచ్చజెప్పబోతే బెడిసికొడుతుంది. ఆ పనితనం గుట్టు నాలుగు ముక్కలు చెవిన వేస్తే తనే వెతుక్కుంటుంది.

ఉదాహరణకు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మనం నేల అనుకుని నడిచేది నిజానికి రెండో అంతస్తు. అక్కడ భూగర్భజలం బాగా పైనే ఉండటం వల్ల కిందికి తవ్వకుండా, సొరంగాలను నేలమీదే కట్టి, ఎదుట ఉన్న సరస్సు తవ్వితే వచ్చిన మట్టిని వాటి చుట్టూ, పైనా నింపి, దానిపై పార్కు కట్టారు. 1955లో తెరిచిన కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో కౌబాయ్ వేషధారి ఒకడు భవిష్యత్ నగరంలా కట్టిన భాగం మధ్యలోంచి నడిచిపోవడం చూసి వాల్ట్ డిస్నీ చిరాకుపడ్డాడనీ, ఆ చిక్కు తీర్చడానికే ఇక్కడ వేషధారులు కింది నుంచి తిరిగేలా చేశారనీ చెబుతారు. కోట ఎత్తు 189 అడుగులు. పైకి పోయేకొద్దీ కిటికీలు, రాళ్లు చిన్నవి చేయడం వల్ల అంతకంటే ఎంతో ఎత్తుగా కనిపిస్తుంది. 200 అడుగులు దాటితే విమానాల కోసం నెత్తిన ఎర్ర దీపం పెట్టవలసి ఉంటుంది, రాకుమార్తె కోటకు అది నప్పదు కదా. అక్కడి ఇంకో పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో ఎవరెస్ట్ పేరుతో కట్టిన కొండ లోపలి మంచుమనిషి బొమ్మ, 2006లో తెరిచిన కొద్దికాలానికే కదలడం మానేస్తే, అప్పటి నుంచి మిణుకుమిణుకుమనే దీపాలు వేసి కదులుతున్నట్టు భ్రమింపజేశారు. ఇలాంటివి నాలుగైదు తెలిసిన పిల్ల ఆ వీధిలో నడిచే తీరే వేరుగా ఉంటుంది.

మీ ఇంట్లో 6 ఏళ్ల తమ్ముడు ఉండటం మీకు పెద్ద వరం. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో చిన్నపిల్లలు బొమ్మల్ని నోరు తెరుచుకుని చూస్తారు. 12 ఏళ్ల అక్కయ్యలకు మాత్రం ఆ తెల్లదుప్పటి మెట్ల కింద ఉన్నవి ట్రంకుపెట్టెలూ చెక్కపీటలూ అని తెలుసు, ఎందుకంటే వాటిని మోసి పేర్చింది వాళ్లే. అంత మాత్రాన కొలువు వాళ్లకు చప్పబడదు, పేరంటాళ్లు వచ్చేవేళకు అందరికంటే ఎక్కువ హడావిడి పడేది వాళ్లే. మీ అమ్మాయిని ప్రేక్షకురాలిగా కాకుండా పేర్చేవాళ్ల పక్షాన చేర్చండి. తమ్ముడి నమ్మకం ఈ నాలుగు రోజులూ చెక్కు చెదరకుండా చూసే బాధ్యత నీదే అని, వాడు వినకుండా, ఒక్కసారి చెప్పి వదిలేయండి. నేను దీన్ని మా చెల్లెలి పిల్లలతో చూశాను. "ఇదంతా ఉత్తిదే" అని ఇంట్లో అన్న 13 ఏళ్ల పిల్లే, తమ్ముడు రాకుమార్తె చెప్పుల వంక అనుమానంగా చూస్తుంటే, వాడి దృష్టి మళ్లించడానికి అక్కడికక్కడ ఒక కథ అల్లింది.

15 దాటాక సంగతి మళ్లీ మారుతుంది. 14 ఏళ్లు నిండినవారు పెద్దల తోడు లేకుండా పార్కులోకి వెళ్లవచ్చన్నది అక్కడి నియమం. మా అబ్బాయి ఆ వయసు రాగానే స్నేహితులతో వెళ్లి, రాత్రి పదకొండుకు తిరిగి వచ్చి, ఎలా ఉందంటే "బాగుంది" అన్న ఒక్క ముక్క అన్నాడు. తరువాతి శనివారం మళ్లీ వెళ్లాడు. మా అమ్మాయి విషయం ఇంకా చిత్రం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1992 నుంచి ఉన్న పడవ సవారీ స్ప్లాష్ మౌంటెన్‌ను 2023 జనవరిలో మూసేశారు. దానికి మూలమైన పాత సినిమాలో నల్లజాతివారిని చూపిన తీరుపై వచ్చిన విమర్శల కారణంగా ఆ నీటి దారినే ఉంచి, కథ మొత్తం మార్చి, 2024 జూన్‌లో కొత్త పేరుతో తెరిచారు. ఆ మార్పు ఎందుకు న్యాయమో భోజనాల బల్ల దగ్గర నాకు వివరించి చెప్పింది మా అమ్మాయే. చెప్పిన మనిషే, మూసేముందు చివరిసారి ఎక్కడానికి కాలేజీ నుంచి వచ్చి, మూడు గంటలు క్యూలో నిలబడి, 50 అడుగుల నుంచి పడవ జారే ముందు నా చెయ్యి పట్టుకుంది. మార్పు న్యాయమేనంటూనే పాతదాన్ని చివరిసారి చూడటానికి అలా వచ్చే పిల్లలకు ఆ చోటు మీద మాయ పోయిందని ఎలా అనగలం? 12 ఏళ్లకు పెదవి విరిచినవాళ్లే 18కి పాతదాన్ని వదలలేక క్యూలో నిలబడతారు.

అందరు పిల్లలూ ఇంతే అనను. శబ్దం, గుంపు, వెలుతురు తట్టుకోలేని పిల్లలు ఉంటారు. 5 ఏళ్లకూ వాళ్లకు అక్కడ సుఖం లేదు, 15కూ ఉండదు. కొందరికి అడవి, సముద్రం, క్రికెట్ మైదానం ఇచ్చేది ఏ పార్కూ ఇవ్వదు. మీ అమ్మాయి ఆ కోవలోదైతే "చిన్నపిల్లలది" అని ఉండేది కాదు, "నాకు ఇష్టం లేదు" అని ఉండేది. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

చేయవలసిన పనుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు రోజులు ఉంటే అందులో ఒక రోజు ప్రణాళిక పూర్తిగా ఆమె చేతికి ఇవ్వండి. ఆమె మూడు గంటలు ఒక దుకాణంలో గడిపినా నోరు మెదపవద్దు. ఎప్కాట్‌లో సరస్సు చుట్టూ 11 దేశాల మంటపాలు ఉన్నాయి, ఆ వయసుకు మ్యాజిక్ కింగ్‌డమ్ కంటే అదే నచ్చవచ్చు. చిన్నవాడిని బూట్లతో సహా ఇంట్లోనే కొలవండి, 6 ఏళ్ల పిల్లలు 44 అంగుళాల గీతకు కాస్త అటూ ఇటూగా ఉంటారు, అక్కడికి వెళ్లాక తెలిస్తే ఏడుపు. వాడికి ఎత్తు చాలని చోట, ఒకరు వాడితో కింద ఉండి, రెండోవారు ఎక్కి వచ్చాక మళ్లీ పూర్తి క్యూ నిలబడకుండా ఎక్కే సదుపాయం ఉంది, ద్వారం దగ్గర అడిగితే చెబుతారు. గాజు సీసాలు కాకుండా డబ్బాల్లో తిండి లోపలికి తీసుకువెళ్లనిస్తారు. మధ్యాహ్నం రెండింటికి పులిహోర చేసే మేలు ఏ బాణాసంచా చేయదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆమె ముఖం మీద కెమెరా పెట్టి ఆశ్చర్యం కోసం కాచుకోవద్దు. ఒకే రంగు టీషర్టుల గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఇక సంతకాల పుస్తకం. తీసుకువెళ్లండి, కానీ మీ సంచి అడుగున ఉంచండి, అది తెచ్చానని చెప్పకండి, మీరుగా తీయకండి. తమ్ముడు కొత్త పుస్తకంలో మొదటి సంతకం చేయించుకున్న రోజు రాత్రి హోటల్ గదిలో, "నాది ఎక్కడుంది?" అని ఆమే అడగవచ్చు. అడిగితే చేతికి ఇచ్చి, ఏదో పని ఉన్నట్టు బాల్కనీలోకి వెళ్లిపోండి. అడగకపోతే అలాగే వెనక్కి తెచ్చి బీరువాలో ఉన్నచోటే పెట్టేయండి.